రాకెట్ సరే, గట్టింగ్ సంగతి ఎవరు చూస్తున్నారు?

1997 ఫ్రెంచ్ ఓపెన్‌కు వచ్చేనాటికి గుస్తావో కుయెర్తెన్ ప్రపంచ ర్యాంకు 66. అప్పటికి ఏటీపీ సింగిల్స్ టైటిల్ ఒక్కటి కూడా గెలవని ఇరవై ఏళ్ల బ్రెజిల్ కుర్రాడు. రెండు వారాలు తిరిగేసరికి ముగ్గురు మాజీ ఛాంపియన్లను ఓడించి కప్పు పట్టుకుపోయాడు. 1995 విజేత థామస్ మస్టర్, 1996 విజేత యెవ్‌గెనీ కఫెల్నికోవ్ దారిలోనే ఆగిపోయారు. 1993, 1994లలో వరుసగా గెలిచిన సెర్జీ బ్రుగెరా ఫైనల్లో మూడు సెట్లకు మించి నిలవలేకపోయాడు. నీలం, పసుపు రంగుల్లో మెరిసిపోయే అతని బట్టల గురించీ, ఉంగరాల జుట్టు గురించీ ప్రపంచమంతా మాట్లాడుకుంది. అతని రాకెట్‌లో ఏ స్ట్రింగ్ ఉందని అడిగినవాళ్లు మాత్రం బహు తక్కువ.

అది బెల్జియంలోని లక్సిలాన్ కంపెనీ తయారుచేసిన పాలియెస్టర్ స్ట్రింగ్. లోదుస్తులకు, ఆస్పత్రుల్లో కుట్లకు పనికొచ్చే సన్నని ప్లాస్టిక్ పోగులు తీయడం ఆ కంపెనీకి అలవాటైన పని. ఆ పనితనాన్నే టెన్నిస్‌కు మళ్లించింది. సాధారణ ప్రేక్షకులకు పట్టని ఈ సంగతి ఆటగాళ్ల గదుల్లో త్వరగానే పాకింది. 2002లో రోమ్ టోర్నీ ముందు ఆండ్రీ అగస్సీ కూడా ఈ రకం స్ట్రింగ్‌కు మారాడు. ఆ టోర్నీ గెలిచాడు. కొత్త స్ట్రింగ్ తన ఆటను ఎంతగా మార్చిందో తర్వాత ఆత్మకథ ‘ఓపెన్’లో చెప్పుకున్నాడు. అప్పటికే ఏడు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచి, ముప్ఫై దాటిన మనిషి అతను. అంతటివాడి ఆట రాకెట్ మార్చకుండా, పన్నెండు మీటర్ల ప్లాస్టిక్ పోగుతో మరో మెట్టు ఎక్కింది.

ఈ కథ మన దగ్గర ఎందుకు చెప్పుకోవాలంటే, మన ఇళ్లలో టెన్నిస్ మీద పెట్టే డబ్బులో, చేసే చర్చలో స్ట్రింగ్ వాటా దాదాపు శూన్యం. పిల్లాడికి ఏ కంపెనీ రాకెట్ కొనాలి, ఎన్ని గ్రాములుండాలి, ఏ ఛాంపియన్ వాడేది కొనాలి అని తల్లిదండ్రులు వారాల తరబడి ఆరా తీస్తారు. గట్టింగ్, అంటే రాకెట్‌కు స్ట్రింగ్ వేయించడం, దగ్గరకు వచ్చేసరికి ‘తెగకుండా ఉండేది వేయండి’ అన్న ఒక్క మాటతో పని ముగుస్తుంది. చిక్కంతా ఆ మాటలోనే ఉంది.

ముందు స్ట్రింగ్ ఏం చేస్తుందో చూద్దాం. ఆటగాడు ఎంత బలంగా కొట్టినా, ఎంత నేర్పుగా తిప్పినా, బంతిని తాకేది స్ట్రింగ్ ఒక్కటే. ఫ్రేమ్ దాన్ని పట్టుకుని ఉంటుంది, చేయి ఫ్రేమ్‌ను పట్టుకుని ఉంటుంది. బంతి స్ట్రింగ్‌ల మీద ఉండే సమయం సెకనులో వెయ్యో వంతులు నాలుగో ఐదో. కంటికి ఆనదు. ఆ కాస్త వ్యవధిలో బంతి అప్పడంలా అణిగి, స్ట్రింగ్‌లు వెనక్కి ఒంగి, రెండూ తిరిగి సర్దుకుని, బంతి తన దారిన పోతుంది. బంతి వేగం, ఎత్తు, తిరుగుడు అన్నీ అక్కడే ఖాయమవుతాయి. ఆ తర్వాత ఆటగాడు చేయగలిగింది ఏమీ లేదు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. బంతి రబ్బరుదే అయినా శక్తిని తిరిగి ఇవ్వడంలో స్ట్రింగ్ ముందు అది దిగదుడుపే. నిబంధనల ప్రకారం 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీద వదిలితే మామూలు టెన్నిస్ బంతి 135 నుంచి 147 సెంటీమీటర్ల వరకే లేవాలి. అంటే శక్తిలో దాదాపు సగం అది అణగడంలోనే పోగొట్టుకుంటుంది. స్ట్రింగ్ మాత్రం తనలోకి తీసుకున్న శక్తిలో తొంభై శాతానికి పైగా తిరిగి ఇచ్చేస్తుంది. నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడొచ్చు. రాకెట్‌ను నేల మీద పెట్టి, ఫ్రేమ్‌ను కదలకుండా కాళ్లతో అదిమిపట్టి, స్ట్రింగ్‌ల మీద బంతి వదలాలి. తర్వాత పక్కనే నేల మీద అదే ఎత్తు నుంచి వదలాలి. స్ట్రింగ్‌ల మీద పడ్డ బంతే స్పష్టంగా ఎక్కువ ఎత్తు లేస్తుంది.

బిగువుగా కట్టిన స్ట్రింగ్ బంతిని జోరుగా పంపుతుందన్న నమ్మకం అందుకే తప్పు. వదులుగా ఉన్న స్ట్రింగ్ ఎక్కువ ఒంగుతుంది, బంతి తక్కువ అణుగుతుంది, నష్టం తగ్గుతుంది. వదులుకు జోరు, బిగువుకు అదుపు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త హోవార్డ్ బ్రోడీ, సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన రాడ్ క్రాస్ వంటివారు దీన్ని కొలిచి చూపించారు. అయితే టెన్షన్, అంటే స్ట్రింగ్ బిగువు, పది పౌండ్లు అటూ ఇటూ అయినా బంతి వేగంలో వచ్చే తేడా ఒక శాతం చుట్టుపక్కలే. ఆటగాడికి అంతకన్నా ఎక్కువగా అనిపించేది బంతి పడే చోటు. వదులు స్ట్రింగ్ మీద బంతి లిప్తకాలం ఎక్కువ నిలుస్తుంది, కాస్త పైకి లేచి బయల్దేరుతుంది, బేస్‌లైన్‌కు దగ్గరగా పడుతుంది. ‘ఈ రాకెట్ లాంగ్ కొడుతోంది’ అని పిల్లలు చెప్పేది దాని గురించే. అనుభవమున్న క్లబ్ ఆటగాళ్లకు వేర్వేరు టెన్షన్ల రాకెట్లు ఇచ్చి రాడ్ క్రాస్ బృందం పరీక్షిస్తే, వారిలో ఎక్కువమంది పెద్ద తేడాలను కూడా సరిగా పోల్చుకోలేకపోయారు. కాబట్టి 54 వేయించాలా 55 వేయించాలా అని గంటసేపు తర్జనభర్జన పడటం కన్నా, ఏ పదార్థంతో చేసిన స్ట్రింగ్ వేయిస్తున్నామో చూసుకోవడం వెయ్యి రెట్లు మేలు.

పదార్థాల్లో పెద్దన్న నేచురల్ గట్. ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో పియర్ బబోలా 1875లో గొర్రె పేగుతో టెన్నిస్ స్ట్రింగ్ చేసిన నాటి నుంచి దాని చరిత్ర నడుస్తోంది. తర్వాత ఆవు పేగు పైపొర వాడుకలోకి వచ్చింది. ఆ పొరను శుభ్రం చేసి, సన్నని పట్టీలుగా చీల్చి, కలిపి పురిపెట్టి, బిగించి ఆరబెట్టి, నునుపు చేసి, పూత పూస్తారు. వారాలు పట్టే పని. ఒక్క రాకెట్‌కు సరిపడా గట్ తీయాలంటే ఒక పశువు చాలదు. ఇన్ని ప్లాస్టిక్‌లు వచ్చాక కూడా మెత్తదనంలో, శక్తిని తిరిగి ఇవ్వడంలో, టెన్షన్ నిలుపుకోవడంలో దాన్ని కొట్టింది లేదు. బాధల్లా ధర, తేమ. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల గాలిలో, వానాకాలంలో అది త్వరగా ఉబ్బి పోగులు విడిపోతుంది.

దాని తర్వాత నైలాన్. ఒకే లావుపాటి పోగు చుట్టూ సన్నని పోగులు చుట్టి చేసేదాన్ని దుకాణాల్లో సింథటిక్ గట్ అంటారు. చవక, ఏ లోపమూ లేని మంచి సరుకు. వందల కొద్దీ సన్నని పోగులను జిగురుతో కలిపి చేసేది మల్టీఫిలమెంట్. నేచురల్ గట్‌ను అనుకరించాలన్న ప్రయత్నం అది, చాలావరకు నెగ్గింది. ఆవు పేగు అనగానే మనసు ఒప్పుకోనివాళ్లకు సరైన ప్రత్యామ్నాయం కూడా అదే. ఇక కుయెర్తెన్ చేతిలో మెరిసిన పాలియెస్టర్ ఒకే ఒక గట్టి పోగు. నాలుగింటిలో బాగా బిర్రుగా ఉండేది, బంతి తగిలినప్పుడు తక్కువ సాగేది.

బిర్రుగా ఉండే, జోరు తక్కువ ఇచ్చే స్ట్రింగ్ ప్రపంచాన్ని ఎలా గెలిచింది? చాలాకాలం ఆటగాళ్లు చెప్పిన జవాబు ‘అది బంతిని పట్టుకుంటుంది’ అని. నిజానికి జరిగేది సరిగ్గా దానికి తలకిందులు. హై స్పీడ్ కెమెరాలు, పరిశోధకులు రాడ్ క్రాస్, క్రాఫర్డ్ లిండ్సేల ప్రయోగాలు అసలు విషయం బయటపెట్టాయి. టాప్‌స్పిన్ కోసం, అంటే బంతి ముందుకు దొర్లుతూ పోయేలా, రాకెట్‌ను కింది నుంచి పైకి ఈడ్చి కొట్టినప్పుడు బంతి నిలువు స్ట్రింగ్‌లను, అంటే మెయిన్స్‌ను, పక్కకు నెడుతుంది. పాలియెస్టర్ నున్నగా ఉంటుంది కాబట్టి మెయిన్స్ అడ్డ స్ట్రింగ్‌ల మీద జారి పక్కకు పోతాయి. బిర్రుగా ఉంటుంది కాబట్టి, బంతి ఇంకా రాకెట్ మీద ఉండగానే విసురుగా స్వస్థానానికి వచ్చేస్తాయి. వస్తూ వస్తూ బంతిని మరింత తిప్పి వదులుతాయి. దీన్నే స్నాప్‌బ్యాక్ అంటున్నారు. స్పిన్ పెంచేది స్ట్రింగ్‌కూ బంతికీ మధ్య ఉన్న పట్టు కాదు, స్ట్రింగ్‌కూ స్ట్రింగ్‌కూ మధ్య ఉన్న జారుడు.

పాత మ్యాచ్‌ల వీడియోలు చూసినవారికి ఒక దృశ్యం గుర్తుండే ఉంటుంది. పాయింటుకూ పాయింటుకూ మధ్య ఆటగాళ్లు తల వంచి, ఎడమ చేతి వేళ్లతో స్ట్రింగ్‌లను ఒక్కొక్కటీ సర్దుకుంటూ నడిచేవారు. ఏకాగ్రత కోసం చేసే పని అనుకునేవాళ్లం. అందులో అదీ కొంత ఉండొచ్చు. కానీ గట్, నైలాన్ స్ట్రింగ్‌లు పక్కకు జరిగి, ఒకదానిలో ఒకటి గాడి కోసుకుని, అక్కడే ఇరుక్కుపోయేవి. సర్దకపోతే కుదిరేది కాదు. కొత్త పాలియెస్టర్ వేసిన రాకెట్‌కు ఆ అవసరం లేదు. కొట్టిన ప్రతిసారీ స్ట్రింగ్‌లు తమంతట తామే వరసలోకి వస్తాయి. అంటే ఎవరైనా పిల్లాడు పాలియెస్టర్ రాకెట్‌తో ఆడుతూ మాటిమాటికీ స్ట్రింగ్‌లు సర్దుకుంటున్నాడంటే, ఆ స్ట్రింగ్‌కు కాలం చెల్లిందని అర్థం. కొలిచే పరికరం ఏదీ లేకుండా కోర్టు బయట కూర్చున్న తల్లి కూడా పట్టుకోగల గుర్తు ఇది.

ఆట ఎంత మారిందో అంకెలు చెబుతాయి. అమెరికన్ కోచ్ జాన్ యాండెల్ హై స్పీడ్ వీడియోలతో లెక్కగట్టిన ప్రకారం, సాంప్రాస్, అగస్సీల ఫోర్‌హ్యాండ్ మీద బంతి నిమిషానికి సుమారు 1,800 సార్లు తిరిగేది. ఫెదరర్‌ది 2,500కు చేరింది. నాదల్‌ది సగటున 3,200, కొన్ని షాట్లలో 4,900. ఈ పెరుగుదలంతా స్ట్రింగ్‌దే అనడం అన్యాయం. నాదల్ చేయి, ఆ ఊపు, తేలికైన పెద్ద తల రాకెట్లు, చిన్ననాటి నుంచి నేర్పే పద్ధతి అన్నీ కలిశాయి. అయితే స్ట్రింగ్ ఇచ్చిన ధైర్యం వల్లనే ఆ ఊపు సాధ్యమైంది. పూర్తి బలంతో కొట్టినా స్పిన్ బంతిని కిందికి దింపి కోర్టులో పడేస్తుందన్న భరోసా ఉన్నవాడే అలా కొట్టగలడు. నెట్ దగ్గరకు పరుగెత్తినవాడి కాళ్ల దగ్గర బంతి ముంచడం బేస్‌లైన్ ఆటగాళ్లకు సులువైపోయింది. దానికి తోడు వింబుల్డన్‌లో 2001లో గడ్డి రకం మారింది, ఆటా మారింది. 2002 ఫైనల్లో తలపడిన హెవిట్, నల్బాందియన్ ఇద్దరూ వెనక నుంచి ఆడేవాళ్లే. సర్వ్ చేస్తూనే నెట్ దగ్గరకు దూసుకెళ్లే సర్వ్ అండ్ వాలీ చూసి పెరిగిన తరానికి ఇప్పటికీ అది తీరని వెలితి.

టెన్నిస్ ఇలాంటి మలుపు ముందర ఒకసారి నిలబడి వెనక్కి తగ్గింది కూడా. 1970లలో జర్మనీకి చెందిన వెర్నర్ ఫిషర్ అనే తోటల నిపుణుడు ఒక వింత రాకెట్ తయారుచేశాడు. రెండు పొరలుగా మెయిన్స్, మధ్యలో వాటితో అల్లిక లేని కొన్ని అడ్డ స్ట్రింగ్‌లు, అక్కడక్కడా ప్లాస్టిక్ గొట్టాలు. చూడటానికి సేమియాలా ఉందని దానికి స్పగెట్టి రాకెట్ అని పేరు పడింది. అల్లిక లేదు కాబట్టి మెయిన్స్ అడ్డూ ఆపూ లేకుండా పక్కకు జారి తిరిగొచ్చేవి. 1977 యూఎస్ ఓపెన్‌లో మైక్ ఫిష్‌బాక్ అనే పెద్దగా ఎవరికీ తెలియని ఆటగాడు దాంతో మాజీ ఛాంపియన్ స్టాన్ స్మిత్‌ను ఓడించాడు. అక్టోబరులో ఫ్రాన్స్‌లోని ఎక్సాన్ ప్రొవాన్స్ ఫైనల్లో ఇలీ నస్తాసే అదే రాకెట్ పట్టుకుని గిలెర్మో విలాస్ మీదికి దిగాడు. మట్టి కోర్టుల మీద వరుసగా 53 మ్యాచ్‌లు గెలిచి ఉన్న విలాస్ రెండు సెట్లు పోగొట్టుకుని, ఇది ఆట కాదంటూ కోర్టు విడిచి వెళ్లిపోయాడు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య ఆ నెలలోనే ఆ రాకెట్‌ను ఆపేసి, మరుసటి ఏడాది నిబంధన రాసింది. స్ట్రింగ్‌లు ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా అల్లి ఉండాలి లేదా కలిసిన చోట అతికి ఉండాలి. రెండు వైపులా అల్లిక ఒకేలా ఉండాలి.

ఆ రోజు నిషేధించిన స్ట్రింగ్‌ల కదలికనే, నిబంధన గీత దాటకుండా, పాలియెస్టర్ ఇరవై ఏళ్ల తర్వాత తిరిగి తెచ్చింది. విలాస్ 53 విజయాల రికార్డును 2006లో దాటిన నాదల్ రాకెట్‌లో ఉన్నదీ పాలియెస్టరే. సమాఖ్య దాన్ని ఆపలేదు. ఆపాల్సింది అనడం కూడా ఇప్పుడు తొందరపాటే. ఆ స్ట్రింగ్‌తో ఆట వేగం, అందం కొత్త పుంతలు తొక్కాయి. కానీ దాన్ని వాడే వృత్తి ఆటగాళ్లు దానితో పాటు పాటించే జాగ్రత్త ఒకటుంది. మన అకాడమీల దాకా స్ట్రింగ్ వచ్చింది, ఆ జాగ్రత్త రాలేదు.

పాలియెస్టర్ ఆయుష్షు చాలా తక్కువ. గట్టింగ్ మిషన్ మీద నుంచి దించిన క్షణం నుంచే దాని టెన్షన్ జారిపోవడం మొదలవుతుంది. కొన్ని గంటల ఆట తర్వాత మెయిన్స్ మీద గాడి పడుతుంది, నునుపు పోతుంది, జారడం ఆగుతుంది. స్నాప్‌బ్యాక్ పోయిందంటే దాన్ని వేయించుకున్న కారణమే పోయినట్టు. మిగిలేది ఆ బిర్రుతనం ఒక్కటే. అందుకే వృత్తి ఆటగాళ్లు ప్రతి మ్యాచ్‌కూ కొత్తగా గట్టింగ్ చేయించిన రాకెట్ల కట్టతో కోర్టులోకి వస్తారు. మొదట ఏడు గేమ్‌లకు, తర్వాత తొమ్మిదేసి గేమ్‌లకు బంతులు మార్చినప్పుడు చాలామంది రాకెట్ కూడా మార్చేస్తారు. స్ట్రింగ్ తెగి కాదు, తాజాదనం పోయి.

ఈ పట్టింపు పాలియెస్టర్‌తో పుట్టింది కూడా కాదు. చెక్క రాకెట్ల కాలంలో బ్యోర్న్ బోర్గ్ 80 పౌండ్ల దాకా బిగించేవాడు. రాత్రిపూట హోటల్ గదిలో స్ట్రింగ్‌లు వాటంతట అవే తెగి టప్పుమనేవని చెప్పుకుంటారు. సాంప్రాస్ వాడిన 85 చదరపు అంగుళాల చిన్న తల రాకెట్‌లో నేచురల్ గట్ 75 పౌండ్ల దగ్గర ఉండేది. ఆడినా ఆడకపోయినా కోసేసి కొత్తది వేయించేవాడు. ఈ తరంలో ఫ్రాన్స్ ఆటగాడు అడ్రియన్ మనరినో 25 పౌండ్ల దగ్గర, చాలామంది వేయించే దానిలో సగానికి, ఆడి కూడా ప్రపంచంలో తొలి ఇరవై మందిలోకి వచ్చాడు. ఫెదరర్, జొకోవిచ్, సెరెనా మరో దారి ఎంచుకున్నారు. మెయిన్స్‌లో నేచురల్ గట్, అడ్డంగా పాలియెస్టర్. గట్ మెత్తదనం చేతికి దక్కుతుంది, పాలియెస్టర్ నునుపు మీద మెయిన్స్ జారతాయి. ముప్ఫై అయిదు దాటాక కూడా గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన ఈ ముగ్గురూ పూర్తి పాలియెస్టర్ వాడలేదన్న విషయం పిల్లల తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోదగ్గది.

ఇప్పుడు మన కోర్టుల దగ్గరకు వద్దాం. 2005లో హైదరాబాద్ ఓపెన్ గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ అందుకున్న తొలి భారతీయ మహిళగా సానియా మీర్జా నిలిచాక తెలుగు నేలపై టెన్నిస్ నేర్చుకునే పిల్లల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో తెల్లవారుజామునే సంచులు భుజాన వేసుకుని వచ్చే ఎనిమిదేళ్ల, పదేళ్ల పిల్లలు కనిపిస్తారు. వారిలో ఎందరి రాకెట్లలోనో టీవీలో చూసిన ఆటగాడు వాడే నల్లటి పాలియెస్టరే ఉంటుంది. పదేళ్ల చేయి ఆ స్ట్రింగ్‌ను పక్కకు జరిపేంత ఊపు ఇవ్వలేదు. స్పిన్ లాభం దక్కదు, దెబ్బ మాత్రం మిగులుతుంది. స్ట్రింగ్ తక్కువ సాగిన కొద్దీ బంతి తాకిడి మరింత తక్కువ సమయంలో, మరింత తీవ్రంగా ఫ్రేమ్ మీదుగా మణికట్టుకు, మోచేతికి చేరుతుంది.

పైగా తెగదు. అంత ఊపు లేని చేతిలో పాలియెస్టర్ నెలలు గడిచినా తెగదు. తెగలేదు కదా అని మార్చరు. ప్రాణం పోయిన స్ట్రింగ్‌తో బంతి లోతుగా పోకపోయేసరికి పిల్లాడు ఇంకా బలంగా ఊపుతాడు. మరో బ్యాచ్‌లో చేర్చి ఇంకో గంట ప్రాక్టీస్ పెంచుతారు. మోచెయ్యి నొప్పి అంటే నూనె రాసి, పట్టీ కట్టి మళ్లీ కోర్టుకు పంపుతారు. 2004లో సచిన్ టెండూల్కర్‌ను మూలన కూర్చోబెట్టి, మరుసటి ఏడాది శస్త్రచికిత్స దాకా తీసుకెళ్లిన టెన్నిస్ ఎల్బో గురించి అప్పట్లో ఇంటింటా మాట్లాడుకున్నాం. పెద్దవారిలో అది మోచేతి దగ్గర కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి పట్టీకి (టెండన్) వచ్చే దెబ్బ. ఎదిగే పిల్లల్లో ఎముక చివర్లు ఇంకా మెత్తగా ఉంటాయి కాబట్టి జాగ్రత్త మరీ ఎక్కువ కావాలి. నొప్పికి స్ట్రింగ్ ఒక్కటే కారణం కాదు. ఆలస్యంగా కొట్టడం, వయసుకు మించిన రాకెట్ బరువు, విరామం లేని ప్రాక్టీస్ అన్నీ కారణాలే. కానీ వీటన్నిటిలో ఒక్క పూటలో, కొద్ది ఖర్చుతో మార్చగలిగింది స్ట్రింగ్ మాత్రమే.

దాన్ని మార్చే మనిషి పని కూడా ఒకసారి దగ్గర నిలబడి చూడాలి. పదహారు మెయిన్స్, పంతొమ్మిది క్రాస్‌లు (అడ్డ స్ట్రింగ్‌లు) ఉన్న రాకెట్‌లో స్ట్రింగ్ స్ట్రింగ్‌ను దాటే చోట్లు 304. స్ట్రింగర్ ముందు ఫ్రేమ్‌ను మిషన్‌కు బిగించి, మధ్య నుంచి మొదలుపెట్టి ఇటొకటి అటొకటిగా మెయిన్స్ లాగుతాడు. ఒకవైపే లాగుకుంటూ పోతే ఫ్రేమ్ వంకరపోతుంది. ప్రతి లాగుడుకూ క్లాంప్ వేయాలి, వదలాలి. క్రాస్‌లు వేసేటప్పుడు చూపుడు వేలు ఒక మెయిన్‌ను నొక్కుతూ, రెండోదాన్ని ఎత్తుతూ, కొసను పాములా పైకీ కిందికీ పోనిస్తుంది. ఒక్కచోట తప్పు అల్లితే అక్కడి దాకా విప్పాల్సిందే. ముడి వేసి, మిగులు కత్తిరించి, చివర్లో బొటనవేలితో ఒకసారి మీటి శబ్దం వింటాడు. అలవాటైన చెవికి టెన్షన్ ఎంత నిలిచిందో అందులో తెలిసిపోతుంది. అరగంట నుంచి ముప్పావుగంట పట్టే ఈ పనికి మన దగ్గర దక్కే మజూరీ, గౌరవం రెండూ తక్కువే. చేత్తో తిప్పే మిషన్ మీద 55 అంటే ఒకటి, నిలకడగా లాగే ఎలక్ట్రానిక్ మిషన్ మీద 55 అంటే మరొకటి. కాబట్టి ఒకే స్ట్రింగర్ దగ్గర, ఒకే మిషన్ మీద చేయించుకోవడం మంచిది.

మన వాతావరణానికి సంబంధించిన మాట కూడా ఒకటి. మే నెలలో ఎండలో నిలిపిన కారు డిక్కీలో రాకెట్ సంచి వదిలేయడం చాలా ఇళ్లలో మామూలు. ఆ వేడికి ఏ ప్లాస్టిక్ స్ట్రింగ్ అయినా సాగి టెన్షన్ పోగొట్టుకుంటుంది. కొత్తగా వేయించిన స్ట్రింగ్ ఆడకుండానే పాతబడుతుంది.

పదేళ్లలోపు పిల్లల పోటీల్లో మామూలు పసుపు బంతి వాడకూడదని అంతర్జాతీయ సమాఖ్య 2012 నుంచి నిబంధన పెట్టింది. ఎరుపు, నారింజ, ఆకుపచ్చ గుర్తుల మెత్తని బంతులు ఇవ్వాలంది. చిన్న చేతికి తగ్గ తాకిడే అందాలన్న ఆలోచనను బంతి విషయంలో అందరూ ఒప్పుకున్నారు. స్ట్రింగ్ విషయంలో మాత్రం ఆ నిర్ణయం అకాడమీలకు, తల్లిదండ్రులకు మిగిలిపోయింది. చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. నైలాన్‌ను నెలకు రెండుసార్లు తెంపేంత ఊపు వచ్చేవరకు పిల్లలకు పాలియెస్టర్ వద్దు. సింథటిక్ గట్ గానీ, చేయి సున్నితంగా ఉంటే మల్టీఫిలమెంట్ గానీ చాలు. వారానికి ఎన్ని రోజులు ఆడితే ఏడాదికి కనీసం అన్నిసార్లు గట్టింగ్ మార్చాలన్నది పాత స్ట్రింగర్ల లెక్క. పోటీల్లో ఆడే పెద్ద పిల్లలు పాలియెస్టరే కావాలంటే టెన్షన్ నాలుగైదు పౌండ్లు తగ్గించి, తెగినా తెగకపోయినా ఇరవై గంటల ఆట లోపు కోసేయాలి. ఆ ఖర్చు మోయలేమనుకుంటే ఆ స్ట్రింగ్ జోలికే పోకూడదు. వయోజనులకూ ఇదే వర్తిస్తుంది. నలభై దాటి, సాయంత్రాలు డబుల్స్ ఆడే ఉద్యోగికి ఇరవై ఏళ్ల వృత్తి ఆటగాడి స్ట్రింగ్ అక్కర్లేదు.

కోచింగ్ ఫీజు తీసుకునే ప్రతి అకాడమీ ప్రతి పిల్లాడి రాకెట్ మీద గట్టింగ్ చేసిన తేదీ, స్ట్రింగ్ పేరు, టెన్షన్ రాసిన చిన్న చీటీ అంటించాలి. అకాడమీ ఆ పని చేయకపోతే ఇంట్లోవాళ్లే చేయాలి. ఈ ఆదివారం పిల్లల రాకెట్ ఒకసారి చేతిలోకి తీసుకోండి. మధ్య స్ట్రింగ్‌ను వేలితో పక్కకు జరిపి వదలండి. రాకెట్‌లో ఉన్నది పాలియెస్టర్ అయి, అది తిరిగి తన చోటికి రాకపోతే, సోమవారం మళ్లీ కోర్టుకు పంపేముందు మార్పించండి.